పొగమంచు: పై నుంచి ఒక చూపు, నేల నుంచి ఒక చూపు

చలికాలంలో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, విజయవాడకు రావలసిన రైళ్ళు తరచూ గంటల కొద్దీ ఆలస్యమవుతుంటాయి. ‘అక్కడ పొగమంచు’ అని స్టేషనులో చెబుతారు. మనం ఇక్కడ ఎండ కాస్తున్న ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఎక్కడో ఒక ఊళ్ళో కాసేపు మంచు పట్టి ఉంటుందిలే అనుకుంటాము. కాని అది ఒక ఊరి సంగతి కాదు. ఎంత పెద్ద సంగతో తెలుసుకోవాలంటే ఉపగ్రహం తీసిన చిత్రాన్ని చూడాలి.

డిసెంబరు, జనవరి నెలల్లో తీసిన ఉత్తర భారతదేశపు చిత్రాన్ని గమనించినట్లయితే, లాహోరు పరిసరాల నుంచి మొదలై అమృత్‌సర్, ఢిల్లీ, లక్నో, పాట్నాల మీదుగా, ఒక్కోసారి బంగ్లాదేశ్ దాకా, తెల్లని దుప్పటి కప్పినట్లు కనబడుతుంది. దాని పొడవు కొన్ని రోజుల్లో వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తరాన హిమాలయాల పాదాల దగ్గర అది గీత గీసినట్లు ఆగిపోతుంది. దానిలోపల ఉన్న మనిషికి మాత్రం ఎదురుగా వస్తున్న లారీ కూడా కనబడదు.

మన భాషలో గడ్డిపరక మీది బిందువునూ, హిమాలయాల మీది తెల్లని గడ్డనూ, గాలిలో తేలే ఈ తెల్లదనాన్నీ అన్నిటినీ ‘మంచు’ అనే అంటాము. అందువల్ల కొంత అయోమయం కలుగుతుంది. పొగమంచు అంటే నేలను తాకుతూ ఉన్న మేఘమే. ఒక కిలోమీటరు దూరంలోని వస్తువు కనబడకపోతే దానిని పొగమంచు అంటారు. యాభై మీటర్ల లోపలికి చూపు తగ్గితే వాతావరణ శాఖ వారి లెక్కలో అది అతి దట్టమైనది.

గంగా మైదానంలోనే ఇది ఇంతగా ఎందుకు పరచుకుంటుంది? చలికాలపు పొడవైన రాత్రి, మేఘాలు లేని ఆకాశం, కదలని గాలి ఈ మూడూ కలిసినప్పుడు నేల తన వేడిని త్వరగా పైకి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడుతుంది, దానిపైన గాలి వెచ్చగా ఉండిపోతుంది. ఆ వెచ్చని పొర మూతలాగా పనిచేస్తుంది. పడమటి నుంచి వచ్చే చలికాలపు వానలు, పొలాలకు పారించే నీరు తేమను అందిస్తాయి. పొగ, దుమ్ము రేణువుల చుట్టూ ఆ తేమ చేరి చిన్న చిన్న బిందువులవుతుంది. కనుక గాలిలో కాలుష్యం ఎక్కువైతే పొగమంచు మరింత చిక్కనవుతుంది.

చిత్రంలో కనబడే తెల్లదనమంతా పొగమంచు కాదు కదా, మేఘం కూడా తెల్లగానే ఉంటుంది, రెంటినీ ఎలా వేరుచేయాలి అని పాఠకులకు సందేహం రావచ్చు. ఒక్క చిత్రంతో తొందరపడకూడదు. వెంట వెంట తీసిన చిత్రాలను వరుసగా చూడాలి. మేఘం గాలితో జరిగిపోతుంది, పొగమంచు ఉన్నచోటనే ఉంటుంది. దాని పైభాగం నున్నగా ఉంటుంది, అంచులు కొండల ఆకారాన్ని, లోయల వంపులను అనుసరిస్తాయి. ఎండ ఎక్కేకొద్దీ చాలావరకు అంచుల నుంచి లోపలికి కరుగుతూ పోతుంది.

మాకు ఆశ్చర్యం కలిగించినది మరొకటి ఉంది. ఈ తెల్లని దుప్పటిలో అక్కడక్కడా చిల్లులు కనబడతాయి. అవి నగరాలు! సిమెంటు, తారు పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతాయి గనుక ఢిల్లీ వంటి నగరం మీద పొగమంచు పలచబడుతుంది. ఏళ్ళ తరబడి తీసిన ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి చేసిన ఒక అధ్యయనం 2018లో ఈ విషయాన్ని వెల్లడించింది.

ఇక రాత్రి సంగతి. 1999లో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహం చాలా ఏళ్ళపాటు పగలు పదిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్ళేది. అప్పటికి పొగమంచు కరగడం మొదలై ఉంటుంది. రాత్రి చూడాలంటే వెలుతురు ఉండదు. వేడిని బట్టి చిత్రం తీసే పరారుణ కెమెరా ఉంది గాని, పొగమంచు పైభాగానికీ పక్కన ఉన్న నేలకూ వేడిలో పెద్ద తేడా ఉండదు కనుక అది ఒక్కటే సరిపోదు. దీనికి శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం కనిపెట్టారు. దాదాపు 4 మైక్రాన్ల వద్ద ఒకసారి, 11 మైక్రాన్ల వద్ద ఒకసారి కొలుస్తారు. పొగమంచు బిందువులు మొదటి దానిలో కొంత తక్కువగా వికిరణం చేస్తాయి, అందువల్ల అందులో కాస్త చల్లగా ఉన్నట్లు కనబడతాయి. ఒకదాని నుంచి మరొకటి తీసివేస్తే, చీకట్లో దాగిన పొగమంచు బయటపడుతుంది. భూమికి దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే మన ఇన్సాట్-3డీఆర్ (2016), ఇన్సాట్-3డీఎస్ (2024) ఉపగ్రహాల్లో ఈ రెండు రకాల కొలతలకూ ఏర్పాటు ఉంది.

అయితే ఇందులో ఒక లోపం ఉంది, దానిని దాచిపెట్టకూడదు. సూర్యకిరణాలు తగలగానే ఆ మొదటి కొలత చెడిపోతుంది. మామూలు కెమెరాకేమో ఇంకా వెలుతురు చాలదు. అంటే రాత్రి పద్ధతి, పగటి పద్ధతి రెండూ తడబడే వేళ తెల్లవారే వేళే. ఫజ్ర్ నమాజు ముగించుకుని జనం ఇళ్ళకు మళ్ళే ఆ సమయంలోనే పొగమంచు చాలాసార్లు మిక్కిలి చిక్కగా ఉంటుంది. పైన ఎత్తయిన మేఘం అడ్డువస్తే ఉపగ్రహానికి కింది పొగమంచు అసలే కనబడదు. తెల్లని పొర నేలను తాకుతున్నదా, లేక వంద మీటర్ల పైన తేలుతున్నదా అన్నది కూడా పై నుంచి చెప్పడం కష్టం. కింద నడిచే వానికి ఆ రెంటికీ ఎంత తేడా!

అందుకే నేల మీద కొలిచేవారు కావాలి. పుణె లోని ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ 2015 చలికాలం నుంచి ఢిల్లీ విమానాశ్రయంలో పరికరాలు నెలకొల్పి, పొగమంచు ఎలా పుడుతున్నదో, ఎలా కరుగుతున్నదో కొలిపిస్తూ వచ్చింది.

2010 జనవరి 2న కాన్పూరు సమీపంలోని పనకీ దగ్గర, దట్టమైన పొగమంచులో, ఆగి ఉన్న ప్రయాగ్‌రాజ్ ఎక్స్‌ప్రెస్‌ను గోరఖ్‌ధామ్ ఎక్స్‌ప్రెస్ వెనుక నుంచి ఢీకొన్నది. ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. మైదానమంతా పొగమంచు ఉన్నదని ఉపగ్రహం చెప్పగలదు గాని, ముందున్న సిగ్నలు ఎర్రగా ఉన్నదో లేదో డ్రైవరుకు చెప్పలేదు. ఇప్పుడు ఉత్తరాది రైళ్ళలో డ్రైవరు దగ్గర జీపీఎస్‌తో పనిచేసే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది, సిగ్నలు దగ్గర పడుతున్నదని అది ముందుగా తెలుపుతుంది. పాత పద్ధతి కూడా ఉంది. పొగమంచు పట్టిన రాత్రి రైల్వే మనిషి ఒకడు దీపం పట్టుకుని నడిచి వెళ్ళి, సిగ్నలుకు ముందు పట్టాల మీద చిన్న టపాకాయలు బిగించి వస్తాడు. ఇంజను చక్రం కింద అవి పేలగానే, కంటికి కనబడని సిగ్నలు దగ్గర్లో ఉన్నదని డ్రైవరు చెవితో తెలుసుకుంటాడు.