ఆండ్రెస్ గ్వార్డాడో

ఫుట్‌బాల్ చూసేవారి కన్ను గోలు చేసినవానిపైనే నిలుస్తుంది. అంతకు ముందు బంతి ఎవరి కాలి నుండి సాగిందో గమనించేవారు తక్కువ. మధ్యవరుస ఆటగానికి కీర్తి ఆలస్యంగా వచ్చేది అందుకే. మెక్సికో దేశస్థుడైన ఆండ్రెస్ గ్వార్డాడో అటువంటి ఆటగాడు.

ఇతడు 1986లో గ్వాదలహారా నగరంలో జన్మించాడు. 2005లో అక్కడి అట్లాస్ జట్టులో ప్రవేశించాడు. మరుసటి ఏడే, పందొమ్మిదేళ్ల ప్రాయంలో, జర్మనీలో జరిగిన ప్రపంచకప్ పోటీలలో అర్జెంటీనాను ఎదుర్కొన్నాడు. అప్పటికి ఇతడు మైదానపు ఎడమ అంచున పరుగుతీసే ఆటగాడు. 2007లో స్పెయిన్‌లోని దెపోర్తివో జట్టులో చేరాడు. 2011లో ఆ జట్టు రెండవ శ్రేణికి పడిపోయినా విడిచిపోలేదు. మరుసటి ఏడు జట్టు తిరిగి మొదటి శ్రేణికి చేరిన తరువాతనే వలెన్సియాకు వెళ్లాడు. అక్కడ ఇతనిని తరచుగా రక్షణ వరుసలో ఆడించారు. స్థానం కుదరనప్పుడు ప్రతిభ ఉండీ అక్కరకు రాదు.

2014లో నెదర్లాండ్స్‌లోని పి.ఎస్.వి. ఐండ్‌హోవెన్ జట్టులో చేరినప్పుడు శిక్షకుడు ఫిలిప్ కోకు ఇతనిని మైదానం నడుమ నిలిపాడు. కోకు కూడా ఒకప్పుడు పేరొందిన మధ్యవరుస ఆటగాడే. అంచున ఆడేవానికి ఒక పక్క గీత కాపు కాస్తుంది. నడుమ ఆడేవాడు నాలుగు దిక్కులూ కనిపెట్టాలి. బంతి తనను చేరకముందే దానిని ఎవరికి అందించాలో ఎరిగి ఉండాలి. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో గ్వార్డాడో ఈ విద్య అలవరచుకొన్నాడు. ఆ జట్టు 2015, 2016 సంవత్సరాలలో డచ్ లీగ్ విజేతగా నిలిచింది.

2017లో స్పెయిన్‌కు తిరిగివచ్చి రియల్ బెటిస్ జట్టులో చేరాడు. 2022లో ఆ జట్టు కోపా దెల్ రే గెలుచుకొన్నది. తుదిపోరులో ఎదురైనది పాత జట్టు వలెన్సియాయే. పెనాల్టీల ఘట్టంలో గ్వార్డాడో తన వంతు గోలు చేశాడు. అదే ఏడు ఖతార్‌లో ఐదవ ప్రపంచకప్ ఆడాడు. మళ్లీ అర్జెంటీనాయే ఎదురైంది. గాయపడి, విరామానికి ముందే మైదానం వీడాడు. 2024లో స్వదేశంలోని లియోన్ జట్టులో ఆడి ఆట నుండి విరమించాడు.