మరక ఒకచోట, లీకు మరోచోట

చిరంజీవి కిరణ్‌కి మావయ్య ఆశీస్సులు.

రుషికొండ బీచ్‌లో వాటర్ స్కూటర్ల దగ్గర పనికి కుదిరావని, అప్పుడే ఆయిల్ కారే బండి ఒకటి నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. లీకు అనగానే సీళ్లన్నీ ఊడదీయాలన్న తొందర కొత్తవాళ్లందరికీ ఉంటుంది. ఈ ఉత్తరం ఆ తొందర గురించే.

వాటర్ స్కూటర్, అదే జెట్ స్కీ, ఇంజిన్ సీటు కింద, మూసి ఉన్న హల్‌లో, అంటే పడవలాంటి డొప్పలో ఉంటుంది. కారిన ఆయిల్ బైక్‌కి పడ్డట్టు నేల మీద పడదు. అడుగున చేరిన నీళ్ల మీద తేలి, బండి అల మీద ఎగిరినప్పుడల్లా చుట్టూ చిమ్ముతుంది. ఇంజిన్ అంతా జిడ్డు పట్టాక అది ఎక్కడ మొదలైందో ఎంతటి మెకానిక్కూ చెప్పలేడు. అందుకే తెలిసినవాడు ముందు సీటు తీసి, పెట్రోలు ఆవిరి పోయేదాకా గాలి ఆడనిస్తాడు. వెనకవైపు డ్రెయిన్ ప్లగ్గులు విప్పి జిడ్డు నీళ్లు బకెట్లోకి పడతాడు. డీగ్రీజర్‌తో ఇంజిన్‌నీ హల్‌నీ కడిగి, ఆరాకే టార్చి అందుకుంటాడు.

ఆ తరవాత వెతుకులాట కింది నుంచి పైకి సాగుతుంది. తడి కనిపించిన చోట ఆగిపోకుండా, గుడ్డతో తుడుస్తూ పై అంచు దాకా వెళ్లాలి. ఫోర్ స్ట్రోక్ బండిలో ముందు చూడాల్సినవి వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ దగ్గరి రబ్బరు రింగు, ప్రెషర్ స్విచ్, ఆయిల్ కూలర్ జాయింట్లు. అనుమానం ఉన్న చోట టాల్కం పౌడర్ చల్లి కాసేపు నడిపితే, తెల్లటి పొర మీద సన్నటి చార తేలుతుంది. అదీ దొరక్కపోతే ఆయిల్లో మెరిసే రంగు కలిపి యూవీ లైటు వేసి చూస్తారు.

ఇలా ఒడ్డున, ఇంజిన్ చల్లబడేందుకు హోస్ పైపు పెట్టి నడిపేటప్పుడు వరస తప్పకూడదు. ఇంజిన్ స్టార్టయ్యాకే నీళ్లు వదలాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి, తరవాత ఇంజిన్ ఆపాలి. తప్పితే ఎగ్జాస్ట్ మీదుగా నీళ్లు సిలిండర్లలోకి చేరతాయి.

ఇంజిన్ వెనక షాఫ్టు తిరిగే చోట, హల్ గోడ మీద గీత గీసినట్టు జిడ్డు చిమ్మి ఉందా? క్రాంక్ షాఫ్టు వెనక సీలు మీద అనుమానం పడాలి. అయితే ముందు ఆ జిడ్డుని వేళ్ల మధ్య నలిపి చూడాలి. చిక్కగా బంకలా ఉంటే అది షాఫ్టుకి పెట్టిన గ్రీజు కావచ్చు.

అసలు కారుతోందా అన్నది మరో ప్రశ్న. బండి ట్రైలర్ మీద వాలి ఉన్నప్పుడు ఆయిల్ కొలిస్తే లెక్క తప్పుతుంది. తక్కువైందనుకుని పోసిన ఆయిల్ ఎక్కువై, బ్రీదర్ పైపులోంచి ఎయిర్ బాక్సులోకి ఎక్కుతుంది. అక్కణ్ణుంచి హల్‌లోకి దిగుతుంది. అలాంటి బండికి ఎన్ని సీళ్లు మార్చినా జిడ్డు పోదు. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మాత్రం లోపలికి నీళ్లు చేరాయన్నమాట. యమహా ఫోర్ స్ట్రోక్‌లలో ఇంజిన్‌ని చల్లబరిచేది బయటి నీళ్లే, మన దగ్గరైతే ఉప్పునీళ్లు. బేరింగులకు తుప్పు పట్టకముందే ఆ ఆయిల్ దించెయ్యాలి. సీ-డూ 4-టెక్ బండ్లలో ఇంజిన్ లోపల తిరిగేది కూలెంట్ కాబట్టి, కూలెంట్ ట్యాంకులో మట్టం తగ్గిందేమో కూడా చూడాలి.

1990ల నాటి సీ-డూ టు స్ట్రోక్ బండ్లది ఇంకో రకం తంటా. వాటిలోని రోటాక్స్ 717, 787 ఇంజిన్లకు రోటరీ వాల్వు ఉంటుంది. ఆ వాల్వుని తిప్పే గేరు చుట్టూ ఉన్న గదిలోకి ట్యాంకు నుంచి ఆయిల్ దానంతటదే దిగుతుంది. ఆ గదికి అటూ ఇటూ ఉన్న క్రాంక్ సీలు అరిగితే, బండి షెడ్డులో ఊరికే ఉన్నా ఆయిల్ క్రాంక్ కేసులోకి జారిపోతుంది. హల్‌లో ఒక్క చుక్క ఉండదు, ట్యాంకు మాత్రం ఖాళీ అవుతుంటుంది. స్టార్ట్ చేయగానే బీచంతా పొగ. ఆ సీలు మార్చాలంటే ఇంజిన్ దించి విప్పాల్సిందే. కాబట్టి ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్నటి పైపులు ఎండి పగిలాయేమో, ట్యాంకు అడుగున రబ్బరు గ్రామెట్ చెమరుస్తోందేమో ముందే చూసుకోవడం మేలు.

హల్‌లో జిడ్డు ఉండగా బండిని నీళ్లలోకి దింపితే, ఆ జిడ్డు నీళ్లతో పాటు సముద్రంలోకే పోతుంది. సబ్బు నీళ్లు పోస్తే ఆయిల్ విరిగి కంటికి కనిపించదు గానీ ఎక్కడికీ పోదు. పీల్చే ప్యాడ్లతో తీసి డబ్బాలో దాచాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన ఆయిల్‌ని అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి.

నీ బండి కడిగి, నడిపి, ఇంజిన్ కింద తెల్ల కాగితాలు పరిచి రాత్రంతా ఉంచు. తెల్లారి ఏ కాగితం తడిసిందో, రంగేమిటో, ఆయిల్ మట్టం ఎంతుందో ఫొటోతో సహా పంపు. అప్పటిదాకా కొత్త సీలు కొనకు.

ఆశీస్సులతో,
మావయ్య