మందుల సంచి గుమ్మరించమను

గద్వాల

చి. శ్రావణికి,

డి విటమిన్ ఎక్కువైతే గర్భసంచి పాడవుతుందా అని అడిగావు. గర్భసంచినో అండాశయాలనో అది నేరుగా దెబ్బతీస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ మాట చెప్పి ఎవరినీ భయపెట్టకు. కీడంతా రక్తంలో పెరిగే కాల్షియం వల్లే.

మన దగ్గర కండెలు చుడుతూ, మగ్గం మీద కూర్చుంటూ పొద్దంతా ఇంట్లోనే ఉండే ఆడవాళ్లు ఎందరో నీకు తెలుసు. ఒళ్లు నొప్పులంటే డాక్టరు పరీక్ష చేయించి 60,000 యూనిట్ల మాత్ర రాస్తారు. అందులో తప్పేం లేదు. వారానికొకటి, మామూలుగా 8 వారాలు. పెద్దవాళ్లకు, గర్భిణికైనా సరే, రోజుకు 600 యూనిట్లు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే ఆ ఒక్క మాత్రలో 100 రోజుల సరుకుంది! చీటీ ఎక్కడో పోతుంది, అట్ట మాత్రం ఇంట్లో ఉంటుంది. మిగతా మాత్రలతో పాటు అన్నం తిన్నాక రోజూ ఒకటి వేసుకుంటే నెలకు 18 లక్షల యూనిట్లు. పిల్లల కోసం తిరిగేవాళ్లయితే ఒకచోట మాత్ర, ఇంకోచోట 6 లక్షల ఇంజెక్షన్. పీసీఓడీ ఉన్న చాలామందిలో డి తక్కువగా ఉండే మాట నిజమే. లోటు లేని మనిషికి ఇంకా పోస్తే కడుపు పండుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

ఇది కొవ్వులో నిలవుండే విటమిన్, మూత్రంలో పోదు. మితిమీరితే పేగుల నుంచీ ఎముకల నుంచీ కాల్షియాన్ని రక్తంలోకి తోస్తుంది. దాహం, మలబద్ధకం, వాంతులు, నీరసం, ముదిరితే కిడ్నీలకు దెబ్బ. ఎండతో ఈ బెడద లేదు. మిగులును చర్మమే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది కాబట్టి నాగర్‌కర్నూల్ పత్తి చేలల్లో పొద్దంతా ఉన్నా డి మితిమీరదు.

నీకు అసలు చిక్కు మూడో నెల గర్భిణి దగ్గర. వాంతులంటే అందరం వేవిళ్లే అనుకుంటాం. వేవిళ్లతో ఒళ్లు ఎండితే మూత్రం తగ్గాలి. నాలుక పిడచకట్టినా మాటిమాటికీ మూత్రానికి లేస్తుంటే అనుమానించు. మందుల సంచి బల్ల మీద గుమ్మరించమను. ఖాళీ అట్టలు లెక్కపెట్టు, ఎన్నాళ్లకు అయిపోయాయో అడుగు. రక్తంలో డి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటితే విషమనే లెక్క, కానీ ఆ రిపోర్టు కోసం ఆగకుండా ముందు కాల్షియం చూపించు.

తల్లిలో కాల్షియం పెరిగితే మాయ గుండా బిడ్డకూ అందుతుంది, బిడ్డ పారాథైరాయిడ్ గ్రంథులు పని తగ్గిస్తాయి. బొడ్డు కోశాక సరఫరా ఆగి, కాల్షియం పడిపోయి పసికందుకు ఫిట్స్ రావచ్చు. కాన్పు చేసేవాళ్లకు ఈ సంగతి ముందే తెలియాలి.

అన్నట్టు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకిచ్చే కాల్షియం మాత్రలో డి 250 యూనిట్లే, రోజుకు రెండేసుకున్నా 500. ఈ ఉత్తరం చదివి వాటిని మాన్పించేవు! కాల్షియం పెరిగిందని తేలినవాళ్లకే డాక్టరు డి, కాల్షియం రెండూ ఆపి, సెలైన్ ఎక్కిస్తారు. కొవ్వులో దాగింది నెలల తరబడి మెల్లగా బయటికొస్తూనే ఉంటుంది కనుక, కోలుకుని ఇంటికెళ్లాక కూడా పరీక్షకు పిలవాలి.

నీ పెద్దమ్మ