చిన్న ట్రైలర్ కొనేముందు చెమ్మ చూడండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. పిల్లలతో నేషనల్ పార్కులు తిరగడానికి పాత చిన్న ట్రావెల్ ట్రైలర్ కొనాలనుకుంటున్నాం. మా ఎస్‌యూవీ 5,000 పౌండ్ల వరకు లాగుతుంది. ట్రైలర్ గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, లోపలి సోఫాలు, లైట్లు చూసి మురిసిపోకండి. ఇలాంటి బండ్లను ఎక్కువగా పాడుచేసేది నీరు. పైకప్పు అతుకుల్లో, కిటికీల చుట్టూ సీలెంట్ పగిలితే వాన నీరు గోడలోని చెక్కలోకి దిగుతుంది. చాన్నాళ్లు బయటికి ఏమీ కనిపించదు. అందుకే అల్మరాల మూలలు, పరుపు కింది చెక్క వేలితో నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, ముక్కిన వాసన వచ్చినా, బయటి గోడ ఉబ్బినా, ధర ఎంత తగ్గించినా వదిలేయండి. అచ్చుపోసిన ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లకు అతుకులు తక్కువ. ధర ఎక్కువైనా నా ఓటు వాటికే.

మీ ఎస్‌యూవీ లాగగలదా అని చూసేటప్పుడు ట్రైలర్ ఖాళీ బరువు కాదు, సామాను నింపాక ఉండగల గరిష్ఠ బరువు చూడండి. గాలన్ నీళ్లే 8 పౌండ్లు దాటుతాయి. నింపిన ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు హిచ్ మీద పడాలి. తక్కువైతే ట్రైలర్ ఊగుతుంది. హిచ్ ఎంత మోయగలదో కారు మాన్యువల్‌లో ఉంటుంది.

గ్యాస్ పైపులు, బ్రేకుల జోలికి మీరు వెళ్లవద్దు. డబ్బు కట్టకముందే సర్టిఫైడ్ ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఆ బేరం మానుకోండి.