తమ్ముడికి, సాయం అడిగే పద్ధతి గురించి

బీబీపేట

చిరంజీవి తమ్ముడికి,



నీ పైథాన్ ప్రోగ్రాం ఎక్కడ ఆగిపోతోందో చూడమని పంపిన ఫొటో చూశాను. ల్యాప్‌టాప్ తెరను ఫోన్‌తో తీశావు. ట్యూబులైటు వెలుగు పడి కుడివైపు అక్షరాలు కనబడలేదు, ఎర్రర్‌లో చివరి లైను రానేలేదు. పైథాన్‌లో అసలు సంగతి చెప్పేది ఆ చివరి లైనే. ఇకమీద కోడ్‌ను ఫొటో తీసి ఎవరికీ పంపకు. దాన్ని నడిపి చూడాలంటే అవతలివాళ్లు లైను లైనూ మళ్లీ టైపు చేసుకోవాలి. చూపులేని ప్రోగ్రామర్లూ ఉన్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే వాళ్లకు నీ ఫొటో ఎందుకూ పనికిరాదు.

కోడ్‌ను అక్షరాలుగానే పంపు. వాట్సాప్‌లోనైనా గిట్‌హబ్‌లోనైనా ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్‌లు పెట్టు. పైథాన్‌లో లైను మొదట్లో వదిలిన ఖాళీకీ అర్థముంది కదా, అది చెదిరితే ప్రోగ్రామే మారిపోతుంది. ఫైలంతా కూడా వద్దు. తప్పు ఇంకా వస్తూ ఉన్నంతవరకు లైన్లు తీసేస్తూ పో, మిగిలిన నాలుగు లైన్లే పంపు. చాలాసార్లు ఆ తీసేయడంలోనే తప్పు నీకు దొరుకుతుంది. ఏం రావాలి, ఏం వచ్చింది, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశావు, ఇవి రాయి. నీకు జవాబిచ్చేవాళ్లు ఉద్యోగం ముగించుకుని, ఇంటి పని చూసుకుని, నిద్రపోయే వేళ నీకోసం కూర్చుంటారు. ఆ కాస్త సమయం నీ కోడ్ మీదే ఖర్చు కావాలి.

పాస్‌వర్డులు, ఏపీఐ కీలు ముందే తీసెయ్. గిట్‌హబ్‌లో ఒకసారి పెట్టాక చెరిపేసినా పాత కమిట్లలో ఉండిపోతాయి. అప్పుడిక కీ మార్చుకోవాల్సిందే.

ఇక లింకులు. తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీ పంపావు, సందేశం నిండా పర్సెంటు గుర్తులే. అది బ్రౌజర్ చేసే పని. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, లింకులో ఒక్కో బైటు పర్సెంటు గుర్తుతో కలిసి 3 అక్షరాలవుతుంది. ‘బీబీపేట’లో గుడిదీర్ఘాలు, ఏత్వం విడిగా లెక్కిస్తే 7 గుర్తులు. అంటే 63 అక్షరాలు! అందులో మన ఊరిని ఎవరు పోల్చుకుంటారు? పక్కన ‘బీబీపేట, తెలుగు వికీపీడియా’ అని, అందులో ఏ భాగం చూడాలో ఒక ముక్క రాయి. వికీపీడియాలో రచ్చబండ అనే చర్చా పేజీలో అడిగేటప్పుడైతే పేజీ పేరును జంట చదరపు బ్రాకెట్లలో పెడితే చాలు, ఊరి పేరు ఊరి పేరుగానే కనబడుతుంది.

పొట్టి లింకులు పంపకు. ఎటు తీసుకెళ్తాయో తెలియదు. లింకు నొక్కి డబ్బులు పోగొట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్న రోజులివి, జనం భయపడటంలో తప్పులేదు. గూగుల్ డ్రైవ్ లింకైతే ఎదుటివాళ్లకు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకో.

పని అయ్యాక ఏది కుదిరిందో అడిగిన చోటే రాయి. అదే తిప్పలు పడుతూ ఇంకెవరో అక్కడికి వస్తారు.

నీ పైథాన్ ప్రోగ్రాం, ఎర్రర్ మొత్తంతో సహా, రేపు మళ్లీ పంపు. రాత్రి తిన్నాక చూస్తాను.

నీ అన్న