మొదటి ఓడ ఎవరిస్తారు?

మన దేశ విదేశీ వాణిజ్యంలో, బరువు లెక్కన చూస్తే, దాదాపు 95 శాతం ఓడల్లోనే వచ్చిపోతుంది. నావికులను ప్రపంచానికి అందిస్తున్న మొదటి ఐదు దేశాల్లో మనదీ ఒకటి. 2021లో అంతర్జాతీయ నౌకా యాజమాన్య సంఘాలు విడుదల చేసిన నివేదిక ప్రకారం అప్పటికి ప్రపంచంలో దాదాపు 18.9 లక్షల మంది నావికులున్నారు. 2026 నాటికి ఇంకో 90 వేల మంది దాకా ఆఫీసర్లు కావాల్సి వస్తుందని కూడా అదే నివేదిక అంచనా వేసింది. మర్చంట్ నేవీ కోర్సుల కరపత్రాల మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి ఈ అంకెలే. అంకెల్లో అబద్ధం లేదు. వాటిని చూపించి "కోర్సు చేస్తే చాలు, ఉద్యోగం గ్యారంటీ" అనడంలోనే మోసం ఉంది.

కొరత ఉన్నది అనుభవజ్ఞులకు. చీఫ్ ఇంజినీర్లు, సెకండ్ ఇంజినీర్లు, చీఫ్ మేట్లు, అందులోనూ ఆయిల్, గ్యాస్, కెమికల్ ట్యాంకర్లు నడిపినవాళ్ల కోసం కంపెనీలు వెతుక్కుంటున్నాయి. కొత్తగా కోర్సు ముగించి బయటికొచ్చిన కుర్రాడి పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. ఒక ఓడలో శిక్షణలో ఉన్నవారికి దొరికేవి కొద్దిపాటి బెర్తులే. వాళ్లకు కేబిన్ ఇవ్వాలి, తిండి పెట్టాలి, బీమా చేయాలి, లైఫ్‌బోటులో చోటుండాలి, నేర్పడానికి ఒక సీనియర్ సమయం కేటాయించాలి. అందుకే కంపెనీలు ఆచితూచి తీసుకుంటాయి. ఓడ ఎక్కకపోతే సీ టైమ్, అంటే ఓడ మీద పనిచేసిన కాలం, ఉండదు. సీ టైమ్ లేకపోతే కాంపిటెన్సీ పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ పరీక్ష పాసైతే వచ్చే సర్టిఫికెట్ లేనివాడు ఆఫీసరు కాలేడు. లక్షలు పోసి చదివి, మొదటి ఓడ కోసం ముంబయిలో గదులు అద్దెకు తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లలు ఇరుక్కునేది సరిగ్గా ఈ ముడిలోనే.

కాబట్టి ఈ రంగం వైపు చూసే ప్రతి గ్రాడ్యుయేటూ ఫీజు కట్టకముందే ఒక ప్రశ్న అడగాలి: కోర్సు అయ్యాక నన్ను ఎక్కించుకునే కంపెనీ ఏది? దానికి జవాబు స్పాన్సర్‌షిప్ లెటర్. పేరున్న షిప్పింగ్ కంపెనీలు, మేనేజ్‌మెంట్ కంపెనీలు ముందే రాత పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ పెట్టి అభ్యర్థులను ఎంచుకుని, ఫలానా కాలేజీలో చేరండని పంపిస్తాయి. ఫీజు మీరే కట్టుకోవాల్సి రావచ్చు గానీ, చివర్లో ఓడ మాత్రం వాళ్లే చూపిస్తారు. స్పాన్సర్‌షిప్ లేకుండా చేరడం తప్పేం కాదు, కాకపోతే ఏడాదో రెండేళ్లో ఖాళీగా తిరిగేందుకు సిద్ధపడి చేరాలి. ఇంటి మీద అప్పు చేసి చేరేవాళ్లకు మాత్రం నా సలహా ఒక్కటే: ఆ లెటర్ లేకుండా వద్దు.

డిగ్రీ చేతికొచ్చాక సముద్రం మీదికి తిన్నగా తీసుకెళ్లే దారులు మూడున్నాయి. మెకానికల్ బీటెక్ చేసినవారికి గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్, అందరూ పిలిచే పేరు జీఎంఈ. ఏడాది కోర్సు. ఆ తర్వాత ఆరు నెలలు ఓడలో జూనియర్ ఇంజినీరుగా పనిచేస్తే మెరైన్ ఇంజినీర్ ఆఫీసర్ క్లాస్ ఫోర్ పరీక్ష రాయొచ్చు. సాధారణంగా 28 ఏళ్లలోపు వయసు, డిగ్రీలో 50 శాతం మార్కులు, పదిలోనో ఇంటర్‌లోనో ఇంగ్లిష్‌లో 50 శాతం అడుగుతారు. నిబంధనలు మారుతుంటాయి గనుక ఆ ఏటి ప్రకటనే ప్రమాణం. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా బయటికొచ్చే మెకానికల్ పట్టభద్రుల్లో చాలామంది నాలుగేళ్లు చదివింది అటకెక్కించి కోడింగ్ నేర్చుకుంటున్నారు. థర్మోడైనమిక్స్ అంటే ఇష్టం ఇంకా మిగిలి ఉన్నవారు ఈ దారిని ఒకసారి గట్టిగా ఆలోచించాలి.

రెండోది ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్, ఈటీఓ. ఈఈఈ, ఈసీఈ వంటి బ్రాంచీల వారికి. ఓడ ఎక్కేముందు చేసే ప్రీ సీ కోర్సు నాలుగు నెలలే. తక్కువ కాలం, తక్కువ ఖర్చు అని ఎక్కువమంది దీనివైపే పరుగెడతారు. కానీ ఓడకు ఉండేది సాధారణంగా ఒక్క ఈటీఓ, కొన్ని ఓడల్లో అసలు ఉండరు. మూడింటిలోనూ స్పాన్సర్‌షిప్ ఎక్కువ అవసరమైంది ఈ కోర్సుకే. మూడోది డెక్ వైపు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి, బీఎస్సీ పూర్తిచేసినవారు కూడా డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్‌లో చేరొచ్చు. ఏడాది క్లాసు, తర్వాత 18 నెలలు డెక్ క్యాడెట్‌గా శిక్షణ, ఆపై సెకండ్ మేట్ పరీక్ష. ఇంటర్‌లో ఎంపీసీ చదవని బీకాం, బీఏ వారికి ఓడ మీద ఆఫీసరు అయ్యే తిన్నని దారి లేదు. ఉందని ఎవరైనా చెబితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఓడ మీద బతుకు ఎలా ఉంటుందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. జూనియర్ ఇంజినీరుకు మొదట్లో పెద్ద ఇంజిన్ జోలికి వెళ్లే పని ఉండదు. ఇంధనంలోంచి నీటినీ మడ్డినీ వేరుచేసే ప్యూరిఫయర్‌ను విప్పమంటారు. లోపలి డిస్కులను ఒక్కొక్కటే తీసి, అంటుకున్న నల్లటి జిగురు పోయేదాకా కడిగి, మళ్లీ అదే వరుసలో పేర్చాలి. ఇంజిన్ రూమ్ వేడి 40 డిగ్రీలు దాటే ఉంటుంది, చెవులకు ఇయర్ మఫ్‌లు, కాళ్ల కింద నేల ఆగకుండా అదురుతుంటుంది. ఆ పని శ్రద్ధగా చేసినవాడి చేతికే సెకండ్ ఇంజినీరు తర్వాతి పని ఇస్తాడు. రోజుకు కనీసం పది గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నిబంధన. రేవుల్లో హడావుడి రోజుల్లో అది కాగితం మీదే మిగిలిపోవడం కూడా ఉంది. నెలల తరబడి ఇంటికి దూరం. పండగలకు, పెళ్లిళ్లకు ఉండరు. చాలా కంపెనీల్లో కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే జీతం, సెలవు నెలలకు ఉండదు. దీనికి ప్రతిఫలం చిన్నదేం కాదు. జూనియర్ స్థాయిలో కొన్ని వందల డాలర్లతో మొదలైనా, ట్యాంకర్ల మీద కెప్టెన్, చీఫ్ ఇంజినీర్ స్థాయికి చేరినవారికి నెలకు పదివేల డాలర్లు దాటడం మామూలే. ఆర్థిక సంవత్సరంలో సాధారణంగా 182 రోజుల కంటే తక్కువ దేశంలో ఉన్నవారు ఎన్ఆర్ఐ కోవలోకి వస్తారు కాబట్టి విదేశీ ఓడల మీది సంపాదనకు పన్ను మినహాయింపు కూడా కలిసొస్తుంది.

ఆడపిల్లలూ ఈ రంగంలోకి వస్తున్నారు. అయితే పైన చెప్పిన 2021 నివేదిక ప్రకారమే నావికుల్లో మహిళలు 1.28 శాతం మాత్రమే. ఓడ మొత్తానికి ఒక్కరే అమ్మాయి కావడం ఇప్పటికీ మామూలు విషయం. మహిళా ఆఫీసర్లు ఇప్పటికే ఎక్కువగా పనిచేస్తున్న కంపెనీని ఎంచుకోవడం మంచిది. ఇంటర్వ్యూలోనే ఆ సంగతి అడిగి తెలుసుకోవడానికి మొహమాటపడకూడదు.

ఇక ఏజెంట్ల సంగతి. విశాఖ, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వీళ్ల చేతిలో మోసపోయినవాళ్లు తక్కువేం కాదు. "కోర్సు అక్కర్లేదు, విదేశీ సీడీసీ మేమే చేయిస్తాం, టికెట్ మాది" అంటాడు ఏజెంటు. సీడీసీ అంటే నావికుడి గుర్తింపు, సర్వీసు రికార్డు పుస్తకం. లక్షలు తీసుకుని విజిట్ వీసా మీద గల్ఫ్ వైపో ఇంకెక్కడికో పంపిస్తాడు. అక్కడ ఏదో పాత చిన్న ఓడ ఎక్కిస్తారు, జీతం రాదు, పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గర. ఆ పని సీ టైమ్‌గానూ లెక్కకు రాదు. మన చట్టం ప్రకారం నావికులను ఓడలకు పంపే సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి, ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర పైసా తీసుకోకూడదు. లైసెన్సు ఉన్న సంస్థల జాబితా కేంద్ర నౌకాయాన డైరెక్టరేట్ అయిన డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉంది, గుర్తింపు పొందిన కాలేజీల జాబితా కూడా అక్కడే. పేరు, లైసెన్సు నంబరు, ఆఫీసు చిరునామా మూడూ సరిపోలాలి. పేరు ఒకటిగా ఉండి ఊరు వేరైతే అనుమానించాల్సిందే. నావికుడిగా నమోదైనప్పుడు ఇచ్చే ఇండోస్ నంబరు, సీడీసీ, అగ్నిమాపకం, ప్రాణరక్షణ వంటి ప్రాథమిక ఎస్‌టీసీడబ్ల్యూ కోర్సులు ఇవేవీ దొడ్డిదారిన కొనుక్కునేవి కావు.

సముద్రం మీదికి వెళ్లలేనివారికి, వెళ్లాలని లేనివారికి తీరం మీద ఉన్న పని గురించి మన కెరీర్ పేజీలు చాలా తక్కువ రాస్తాయి. నిజానికి సాధారణ డిగ్రీ వారికి అవకాశాలున్నది ఇక్కడే. కాకినాడ యాంకరేజ్ పోర్టునే చూడండి. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు రావు, దూరంగా లంగరు వేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలను బార్జీల మీద తీసుకెళితే ఓడ క్రేన్లు పైకెత్తి హ్యాచ్‌ల గుండా ఓడ లోపలికి దించుతాయి. చినుకు పడితే హ్యాచ్‌లు మూసేయాలి, పని ఆగిపోతుంది. ఓడ ఎప్పుడొచ్చింది, లోడింగ్ ఎప్పుడు మొదలైంది, వాన ఏ గంట నుంచి ఏ గంట దాకా కురిసింది, క్రేను ఎంతసేపు చెడిపోయింది, అన్నీ నిమిషాలతో సహా స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో రాస్తారు. రాసేది షిప్ ఏజెంటు ఆఫీసులోని కుర్రాడే.

ఆ కాగితం విలువ ఒక లెక్కతో చూద్దాం. 30 వేల టన్నుల బియ్యం, రోజుకు రెండు వేల టన్నుల చొప్పున ఎత్తాలని ఒప్పందం అనుకోండి. గడువు 15 రోజులు. 18 రోజులు పట్టింది. ఆలస్యానికి డెమరేజ్ రోజుకు పదివేల డాలర్లు అయితే, సరకు పంపినవాడు 30 వేల డాలర్లు కట్టాలి. కానీ గడువులోనే రెండు రోజులు వాన పడిందని, వాన సమయం లెక్కలోకి రాదని ఒప్పందంలో ఉంటే కట్టాల్సింది పదివేలే. ఆ 20 వేల డాలర్ల తేడా ఆ కాగితంలో వాన గంటలు సరిగ్గా రాశారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. ఈ లెక్కలు వేయడం, ఛార్టర్ పార్టీ అనే ఓడ అద్దె ఒప్పందం చదివి అర్థం చేసుకోవడం వచ్చినవారిని ముంబయి, దుబాయ్, సింగపూర్ ఆఫీసుల్లో డెమరేజ్ అనలిస్టులుగా, ఆపరేషన్స్, ఛార్టరింగ్ ఉద్యోగులుగా తీసుకుంటారు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ షిప్‌బ్రోకర్స్ పరీక్షలు ఉద్యోగం చేసుకుంటూనే రాసుకోవచ్చు. బీకాం చేసిన పిల్లాడు కాకినాడలోనో విశాఖలోనో ఒక ఏజెన్సీలో తక్కువ జీతానికి చేరి, రెండు మూడేళ్లు ఓడలెక్కి దిగి పని నేర్చుకోవడం, ఖరీదైన షిప్పింగ్ ఎంబీఏ కంటే గట్టి పునాది అని నా అభిప్రాయం.

కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులూ అలాంటివే. ఎగుమతికి షిప్పింగ్ బిల్లు, దిగుమతికి బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయడం, సరకుల వర్గీకరణ, డ్యూటీ లెక్కలు అక్కడ నేర్చుకుంటారు. కస్టమ్స్ శాఖ పరీక్ష పాసైతే జీ కార్డు వస్తుంది, అనుభవం పెరిగాక పై పరీక్ష రాసి సొంత లైసెన్సు దాకా వెళ్లొచ్చు. దీనికి సముద్రం పక్కనే ఉండక్కర్లేదు. హైదరాబాద్ సనత్‌నగర్‌లోని ఇన్‌లాండ్ కంటెయినర్ డిపోలోనూ ఇదే పని.

ఇక పోర్టుల్లోని పనులు. విశాఖ పోర్టు 1933 నుంచి నడుస్తోంది. గంగవరం, కృష్ణపట్నం, కాకినాడ ఉన్నాయి. మచిలీపట్నం, రామాయపట్నం, మూలపేటల్లో కొత్త పోర్టుల పనులు సాగుతున్నాయి. కట్టే దశలో సివిల్ ఇంజినీర్లు, నడిచే దశలో టెర్మినల్ ప్లానర్లు, క్రేన్ల నిర్వహణకు ఎలక్ట్రికల్ వారు కావాలి. ఓడల డిజైన్ మీద మనసున్నవారికి విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ ఉంది. స్వతంత్ర భారతం తొలి రోజుల్లో, 1948లో, జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగిన హిందుస్థాన్ షిప్‌యార్డు అదే ఊళ్లో ఉంది. అంతర్జాతీయ మారిటైమ్ సంస్థ 2023లో పెట్టుకున్న లక్ష్యం ప్రకారం 2050 ప్రాంతానికి నౌకారంగం నికర శూన్య ఉద్గారాలకు చేరాలి. ఆ లక్ష్యం కోసం మిథనాల్, అమ్మోనియాలతో నడిపే ఓడలకు భద్రత ఎలా అన్నది ఇంకా తేలుతున్న విషయం. కెమికల్ ఇంజినీరింగ్ చదివినవారు ఈ వైపు చూపు పెట్టాలి. సముద్ర శాస్త్రం మీద ఇష్టం ఉన్న ఎమ్మెస్సీ వారికి హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సునామీ హెచ్చరికలు పంపేదీ, చేపలు ఎక్కువగా దొరికే చోట్లను మత్స్యకారులకు చెప్పేదీ ఆ సంస్థే.

ఓడ ఎక్కాలనుకునే చివరి సెమిస్టర్ విద్యార్థులకు ఒక మాట. దరఖాస్తు కంటే ముందు, డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర కంటి పరీక్ష చేయించుకోండి. డెక్ వైపు కళ్లజోడు దాదాపు పనికిరాదు, ఇంజిన్ వైపు కొంత పవర్ వరకు ఒప్పుకుంటారు, రంగులు గుర్తించలేనివారిని రెండు వైపులా తీసుకోరు. పరీక్షకు అయ్యేది కొద్దిపాటి ఖర్చు. ఫీజు కట్టేశాక తెలిస్తే ఆ లక్షలు వెనక్కి రావు.