చెట్ల మధ్య నడక, నోట పాట

మందులు జబ్బు మీద పనిచేస్తాయి. మనసుకు ఊరట దొరికితే కోలుకోవడం సులువవుతుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో 1972-1981 మధ్య పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పరిశీలించారు. ఆ ఫలితాలు 1984లో వెలువడ్డాయి. 23 మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు సగటున కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా వారికి తక్కువే పట్టాయి.

పాట కూడా ఇలాగే తోడ్పడుతుంది. నెమ్మదైన పాట వింటే ఊపిరి నిదానిస్తుంది, ఆందోళన తగ్గుతుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారిలో చాలామందికి తాళానికి తగ్గట్టు అడుగు వేస్తే నడక మెరుగుపడుతుంది.

ఎంత నడవాలి? పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు. ఎంత వేగంగా? నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఆయాసం రావాలి. అదే సరైన వేగం. అలసట తీరాక, చెట్టు కింద కూర్చుని పాడుకోండి.

జాగ్రత్తలు:
1. ఆపరేషన్ అయినవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు గారిని అడిగి మొదలుపెట్టండి.
2. షుగర్ ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు.
3. ఛాతీలో నొప్పి వస్తే, కళ్లు తిరిగితే వెంటనే ఆగి, ఆసుపత్రికి రండి.
4. రోడ్డు మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.
5. హాయిగా ఉందని మాత్రలు మానకండి.

మీ ఇంట్లో మంచం పట్టిన పెద్దవారున్నారా? కనీసం వారి మంచాన్ని కిటికీ దగ్గరకు జరపండి. వారికి ఇష్టమైన పాట ఒకటి పాడి వినిపించండి.